నా తదనంతరం

నరసరావుపేట,
12 జూన్ 2024

చెల్లెలు ఖాతూన్ బీకి అన్న నాగుల్ మీరా దువా.

ఇక్కడ అందరం క్షేమం. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా "ఏంది, ఎవరు పోయారు" అంటావు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. ఈసారి ఎవరూ పోలేదు.

పెద్దవాడు ఆసిఫ్ పోయి మూడేళ్ళు దాటింది. నువ్వు మట్టికి వచ్చి, అన్నం కూడా తినకుండా గురజాల బస్సెక్కావు. దాని గురించి ఇప్పుడు రాయను. వాడి కూతురు సైమాకు ఇరవై రెండో ఏడు. మన నాయన పెట్టిన పరుపుల కొట్టు ఇప్పుడు ఆ పిల్లే నడుపుతోంది. దూది ఏకించడం, కొలతలు, కుట్టించడం, ఫోన్లో ఆర్డర్లు, అన్నీ తనే. నేను గల్లా దగ్గర కూర్చుని తాళంచెవి కాపలా కాస్తుంటాను.

మొన్న మా చిన్నవాడు రసూల్ అన్నం తింటూ ఒక మాటన్నాడు. "అన్న నీకంటే ముందే పోయాడు గదా నాయనా, షరియత్ లెక్కన సైమాకు ఏం రాదంట. నీ తర్వాత కొట్టూ ఇల్లూ రెండూ నాయే. నేనేం తరిమెయ్యనులే, ఉండనిస్తా."

ఆ "ఉండనిస్తా" నా గొంతులో ముల్లులా దిగింది. వీడికి రెండు లారీలున్నాయి. ఆ పిల్లకు కొట్టు తప్ప ఏమీ లేదు. మసీదులో హజ్రత్‌ను అడిగితే ఆయన నేల చూశాడు. మీ ఆయన సైదులు గురజాలలో ముప్పయ్యేళ్ళు దస్తావేజులు రాశాడు. ఆయన చూపు మందగించాక రాసిన చెయ్యి నీదేనని అందరికీ తెలుసు. రసూల్ అన్నది నిజమేనా? నిజమైతే ఇదెక్కడి న్యాయం? కొట్టు సైమాకే దక్కాలి. నాకు కావాల్సింది అదొక్కటే. దారి చెప్పు.

మీ అన్న,
నాగుల్ మీరా


గురజాల,
20 జూన్ 2024

అన్నయ్యకు సలాం.

కవరు మీద నీ చేతిరాత చూసి కోర్టు నోటీసేమో అనుకున్నాను. పదకొండేళ్ళుగా మాటల్లేని మనిషి దగ్గర్నుంచి ఇంకేమొస్తుంది?

రసూల్ చెప్పింది నిజమే. మనిషి కన్నుమూసిన నిమిషానికి బతికున్న వారసులకే ఆస్తి. ఒక కొడుకు బతికి ఉంటే, ముందే పోయిన కొడుకు పిల్లలకు వాటా లేదు. మీ ఎదురుగా టీ కొట్టు పోలయ్య మనవరాలికైతే వస్తుంది. వాళ్ళ చట్టం వేరు, మన చట్టం వేరు.

ఇదెక్కడి న్యాయం అన్నావు. డెబ్బై ఎనిమిదేళ్ళకు నీకు చట్టం మీద కోపమొచ్చింది, సంతోషం. కొడుకుకు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు అన్నప్పుడు రాలేదు. ఆ ఒక్క పాలు కూడా నడుచుకుంటూ నీ దగ్గరికే వచ్చినప్పుడు అసలే రాలేదు. తనదాకా వస్తేగాని నొప్పి తెలియదంటారు, నీకు మనవరాలి దాకా వస్తేగాని తెలియలేదు.

సరే, దారి. ఒకటి వీలునామా. వారసులు కానివాళ్ళకు నీ ఆస్తిలో మూడో వంతు దాకా ఎవరినీ అడక్కుండా రాయొచ్చు. సైమా వారసురాలు కాదు కాబట్టే ఆమెకు రాయొచ్చు. కానీ బజారులో ఉన్న కొట్టు విలువ ఇంటికంటే ఎక్కువ. మూడో వంతులో అది పట్టదు.

రెండోది హిబా, అంటే దానం. బతికుండగా ఎంతైనా, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. మూడు పనులు జరగాలి. ఇస్తున్నానని నువ్వు చెప్పాలి, తీసుకున్నానని ఆమె చెప్పాలి, వస్తువు ఆమె స్వాధీనంలోకి పోవాలి. మూడోది నీకు కష్టం. చిన్నప్పుడు నీ పిడికిట్లోంచి బెల్లం ముక్క తీసుకోవాలంటే నేను నీ వేలు కొరకాల్సి వచ్చేది.

ఖాతూన్


నరసరావుపేట,
15 జులై 2024

చెల్లెమ్మా,

పని అయిపోయింది. ఇంక నీకు శ్రమ లేదు.

ఇక్కడ రిజిస్ట్రారు ఆఫీసు ముందు ఫణీంద్ర అని కుర్ర దస్తావేజు లేఖరి ఉన్నాడు. మీ ఆయనలాగా మూడు రోజులు తిప్పుకోడు. కంప్యూటర్లో ఏదో నొక్కాడు, నాలుగు పేజీలు వచ్చాయి. ఎంత చక్కగా రాశాడనుకున్నావు. "నా జీవితకాలమంతయు సదరు ఆస్తిని నేనే అనుభవించి, నా తదనంతరం నా మనుమరాలు సైమా సర్వహక్కులతో అనుభవించవలెను." రెండుసార్లు చదివించుకున్నాను. రిజిస్ట్రేషను కూడా అయింది. నేను బతికున్నంతకాలం నా గల్లా నాది, నేను పోయాక కొట్టు సైమాది. ఎవరికీ నష్టం లేదు. రసూల్‌కు ఇంకా తెలియదు.

ఆ పాత వాటా సంగతి నువ్వు ఎత్తావు. నేను చదవనట్టే ఉన్నాను.

నాగుల్ మీరా


గురజాల,
24 జులై 2024

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మా ఆయన పోయాక ఇంత నవ్వు రావడం ఇదే మొదలు. అందుకు నీకు రుణపడి ఉన్నాను.

ఫణీంద్రను ఏమీ అనను. అతని కంప్యూటర్లో ఉన్నది ఒకటే అచ్చు. పోలయ్య వచ్చినా అదే తీస్తాడు, నువ్వు వచ్చినా అదే తీస్తాడు. పోలయ్యకది చెల్లుతుంది. నీకు చెల్లదు. మన హిబాలో రేపటి మాట ఉండదు. ఇస్తే ఇవాళే ఇవ్వాలి. "నా తదనంతరం" అని రాశావంటే అది దానం కాదు, మహా అయితే వీలునామా. వీలునామా అయితే మళ్ళీ మూడో వంతు దగ్గరికే వచ్చాం. రసూల్ పెట్టే వకీలు టీ తాగేలోపు ఆ నాలుగు పేజీలు తీసి పక్కన పడేస్తాడు.

ఆ మాట రాయమని వచ్చినవాళ్ళను మా ఆయన వెనక్కి పంపేవాడు. "సచ్చిందాకా నాదే, సచ్చినాక నీదే అనేదానికి కాయితం ఎందుకు సాయిబూ? సచ్చినాక అది నీ ఎనకమాల ఎట్టాగూ రాదుగా" అనేవాడు. ఫీజు పోయినా సరే, ఆ మాట అనకుండా ఉండేవాడు కాదు.

నీ భయం నాకు తెలుసు. తాళంచెవి ఇచ్చేస్తే ఆ పిల్ల నిన్ను బయట కూర్చోబెడుతుందని. మనిషి తను చేసిన పనే ఎదుటివాళ్ళూ చేస్తారనుకుంటాడు. సైమా నీలాంటిది కాదులే. భయపడకుండా ఇచ్చెయ్యి.

ఖాతూన్


నరసరావుపేట,
30 ఆగస్టు 2024

ఖాతూన్‌కు,

నీ మాట ప్రకారమే కొత్త కాగితం రాయించాను. ఈ రోజే, ఇప్పుడే ఇచ్చేశానని. హజ్రత్, పోలయ్య సాక్షులు. బజారులో అందరి ముందూ తాళంచెవి సైమా చేతిలో పెట్టాను. వాళ్ళమ్మ గౌసియా కళ్ళు తుడుచుకుంది. నాకూ గొప్పగానే అనిపించింది.

సాయంత్రం కొట్టు మూసి, తాళం వేసి, చెవి జేబులో వేసుకుని నడుస్తున్నాను. నలభై ఏళ్ళ అలవాటు. వెనక నుంచి సైమా పిలిచింది. "తాతా, చెవి." రెండే మాటలు. ఇచ్చేశాను. కానీ ఆ పూట అన్నం సహించలేదు.

తెల్లారేసరికి గల్లా దగ్గర నా కుర్చీ లేదు. బయట బల్ల పక్కన వేసింది. ఏందే ఇది అంటే, "నువ్వు గల్లా కాడే కూచుంటే కొట్టు ఇచ్చినట్టు కోర్టోళ్ళు నమ్మరంట తాతా. గురజాల నానమ్మ ఫోన్లో చెప్పింది" అంది. నా ఫోను ఎత్తని దానివి ఆమెతో గంటలు గంటలు మాట్లాడుతున్నావన్నమాట. కరెంటు మీటరు పేరు మార్పించింది. బోర్డు కూడా మార్పించింది. నిన్న ఒకాయన వచ్చి నన్ను చూసి, "ఓనరు గారు లేరా పెద్దాయనా" అన్నాడు.

రసూల్‌కు తెలిసింది. కాగితం అంతా చదివి, "సర్లే, చూస్తా" అని లారీ ఎక్కి పోయాడు. చూడనీ. కొట్టు సైమాది అయిపోయింది. ఇంక ఎవడూ ఏమీ చెయ్యలేడు.

నాగుల్ మీరా


గురజాల,
14 సెప్టెంబరు 2024

అన్నయ్యా,

ఎవడూ ఏమీ చెయ్యలేడన్నావు. నిజమే, వాడేమీ చెయ్యలేడు. నేను చెయ్యగలను.

రసూల్ పోయిన శుక్రవారం మా ఇంటికి వచ్చాడు. పెద్ద మిఠాయి డబ్బా తెచ్చాడు. నా మోకాళ్ళ నొప్పుల గురించి అడిగాడు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు. వకీలు నీ కాగితంలో తప్పు పట్టలేకపోయాడట. అందుకని ఇంకో ప్రశ్న అడిగాడట, కొట్టు అసలు ఎవరిదని. "మా తాతది" అన్నాడట వీడు. ఆయనకు పిల్లలెందరని అడిగితే ఇద్దరన్నాడట. "అత్తా, మూడో వంతు నీదంట. నీది కూడా కలిపి నాయన ఎట్టా ఇస్తాడు? నువ్వు కేసెయ్యి, ఖర్సు నాది. నీ హక్కు నీకిప్పిస్తా" అన్నాడు. నా హక్కు మీద మగవాళ్ళకు ఇంత ప్రేమ ఉందని తెలియక ఇన్నేళ్ళు గడిపేశాను.

ఈ పాటికి నువ్వు బీరువా తెరిచి పాత కాగితం తీసి ఉంటావు. 1985. నాయన పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. "ఆడపిల్లలందరూ పెడతారు" అని నా చేత సంతకం పెట్టించావు, నాకు వాటా వద్దని. ఆ కాగితం చెల్లదు. అప్పటికి నాయన బతికే ఉన్నాడు. బతికున్న తండ్రి ఆస్తిలో పిల్లలకు ఉన్నది హక్కు కాదు, ఆశ. మన చట్టంలో ఆశను వదులుకున్నానని రాసిచ్చినా లెక్కలేదు. డబ్బు పుచ్చుకుని రాసి ఉంటే కోర్టు నా నోరు మూయించేది. నువ్వేమిచ్చావు? ఒక జాకెట్టు గుడ్డ ఇచ్చినా ఇవాళ నీకు పనికొచ్చేది. ఎంగిలి చేత్తో కాకిని తోలని నీ గుణమే నా వాటాను కాపాడింది.

నలభై ఏళ్ళుగా స్వాధీనంలో ఉంది కాబట్టి నాదే అంటావేమో. అను. కానీ తోబుట్టువుల మధ్య ఊరికే కూర్చుంటే చాలదు. "చెల్లెలికి ఇందులో ఏమీ లేదని మొహం మీదే చెప్పాను, బయటికి నెట్టాను, ఆ సంగతి ఆమెకూ తెలుసు" అని రుజువు చెయ్యాలి. బోనెక్కి ఆ మాట నువ్వే చెప్పాలి. మంచి అన్నవని తేలితే ఓడిపోతావు, చెడ్డ అన్నవని తేలితే గెలుస్తావు. ఏది కావాలో నువ్వే తేల్చుకో.

కాగితం చెల్లదని మా ఆయన నాకు 1996లోనే చెప్పాడు. అయినా అడగలేదు. నేను సంతకం పెట్టింది పుట్టింటి తలుపు తీసి ఉండాలని. అడిగితే మూసుకుంటుందని భయం. అడక్కపోయినా మూసుకుంది. పదకొండేళ్ళ కింద మా ఆయన కంటి ఆపరేషనుకు పేటలో నాలుగు రోజులు ఉంటామంటే, ఇంటికి సున్నాలు వేస్తున్నామన్నావు. ఆ ఏడు మీ ఇంటికి సున్నం వెయ్యలేదు. ఆస్పత్రి వరండాలో పడుకుని ఆయన ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ రోజు నీ మీద అసహ్యం వేసింది.

రసూల్‌కు ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచిస్తున్నాను.

ఖాతూన్


నరసరావుపేట,
21 సెప్టెంబరు 2024

ఖాతూన్ బీ,

బెదిరింపులా? ఆ రోజు నువ్వు ఇష్టపడే సంతకం పెట్టావు. నీ చెయ్యి పట్టుకుని ఎవరూ రాయించలేదు. మన మేనత్త పెట్టింది, ఆమె కూతుళ్ళు పెట్టారు. వాళ్ళెవరూ ఇట్లా చట్టం పుస్తకం పట్టుకుని అన్న మీదికి రాలేదు. నాయనకు నాలుగేళ్ళు మలమూత్రాలు ఎత్తింది నేను. నువ్వు పండగకు వచ్చి చూసిపోయేదానివి. దానికి ఏ చట్టంలో ఎంత వాటా ఉందో అది కూడా రాయి.

కేసు వేస్తే వేసుకో. తండ్రి లేని పిల్ల మీద వేసి గెలువు.

నాగుల్ మీరా


నరసరావుపేట,
2 అక్టోబరు 2024

చెల్లెమ్మా,

కిందటి ఉత్తరం చింపెయ్యి. కోపంలో రాశాను.

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. పోస్టుమాను కోసం రోజూ బయట బల్ల మీద కూర్చుంటున్నాను. ఎట్లాగూ నా కుర్చీ అక్కడే కదా. సైమా ఏమీ తెలియక కొత్త కుట్టు మిషను కొంటానని తిరుగుతోంది. మాచవరం స్కూలు హాస్టలుకు పరుపుల ఆర్డరు దొరికిందట. చెప్పాలని నోటిదాకా వస్తుంది, ఆ పిల్ల మొహం చూసి ఆగిపోతున్నాను. రసూల్ రెండుసార్లు కొట్టు ముందు లారీ ఆపి, కొలతలు చూసుకుని పోయాడు.

నాకు భయంగా ఉంది ఖాతూన్. నేను చేసినదానికి ఆ పిల్ల రోడ్డున పడుతుందేమోనని. నీకేం కావాలో చెప్పు. ఏదడిగినా ఇస్తాను.

అన్న


గురజాల,
10 అక్టోబరు 2024

అన్నయ్యా,

ఏదడిగినా ఇస్తానన్న మాట నీ నోట మొదటిసారి విన్నాను. దాచిపెట్టుకున్నాను.

నాయనకు నువ్వు చేసిన సేవ నిజం. నేనెప్పుడూ కాదనలేదు. దానికి చట్టంలో వాటా లేదు. నన్ను అడిగి ఉంటే నేను ఇచ్చేదాన్ని. నువ్వు అడగలేదు, తీసుకున్నావు.

నాకు డబ్బొద్దు. ఒక్క వాక్యం కావాలి. "నా చెల్లెలి వాటా నేను తీసుకున్నాను, ఆమెను బయటికి నెట్టాను" అని నీ చేత్తో రాసి పంపు. స్టాంపు వద్దు, సాక్షులు వద్దు.

కానీ ఒక సంగతి చెప్పాలి. దస్తావేజు రాసేవాళ్ళు రెండు పక్షాలకూ చదివి వినిపించాలని మా ఆయన నియమం. ఆ వాక్యం నువ్వు రాస్తే కోర్టులో నీకే బలం, నాకు కాదు. నన్ను నెట్టావని నీ రాతే సాక్ష్యం అవుతుంది, నా వాటా మీద నాకున్న కేసు చాలావరకు అక్కడితో పోతుంది. అది తెలిసే అడుగుతున్నాను. ఒక నకలు తీసి నీ దగ్గర పెట్టుకో, వకీళ్ళు అడుగుతారు.

ఖాతూన్


నరసరావుపేట,
29 అక్టోబరు 2024

చెల్లెమ్మా ఖాతూన్‌కు,

ఆ వాక్యం రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. రాస్తే గెలుస్తావని నువ్వే చెప్పాక ఇంకా కష్టమైంది. ఇందులో ఏదో మెలిక ఉందని మొదట అనుకున్నాను. తర్వాత నా ఆలోచనకు నాకే సిగ్గేసింది.

నా చెల్లెలు ఖాతూన్ బీ వాటా నేను తీసుకున్నాను. ఆమెను బయటికి నెట్టాను. తెలిసే చేశాను. కాగితం మీద సంతకం ఉంది కాబట్టి తప్పు కాదని నాకు నేను చెప్పుకున్నాను. సున్నాల మాట అబద్ధం. మీరు వచ్చి ఉంటే కొట్టు వంక చూస్తారని, చూస్తే వాటా గుర్తొస్తుందని ఆ అబద్ధం ఆడాను. బావను ఆస్పత్రి వరండాలో పడుకోబెట్టాను. ఆయన పోయినప్పుడు నీ మొహం చూడలేక ఆలస్యంగా వచ్చి, తొందరగా వెళ్ళిపోయాను.

నకలు తియ్యలేదు. ఉన్నది ఇదొక్కటే.

నాగుల్ మీరా


గురజాల,
6 నవంబరు 2024

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. ఒకసారి చదివి మా ఆయన దస్తావేజుల పెట్టెలో పెట్టాను. ఏడ్చాను కూడా. అది నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

కోపం పోయిందనుకోకు. పోలేదు. నా వయసులో కోపం కూడా బీపీ మాత్రలాంటిది, రోజూ వేసుకోకపోతే తోచదు. కానీ కోపానికీ సైమా కొట్టుకూ సంబంధం లేదు. ఆ పిల్ల కష్టపడుతోంది, నా వాటా ఆమెకే ఇస్తున్నాను.

రసూల్‌కు ఫోను చేసి కేసు వెయ్యనని చెప్పాను. "మరి నాకేందత్తా" అన్నాడు. "ఇల్లుందిగదరా, మీ నాయన అమ్ముకోకుండా పోతే అదంతా నీదే. అందాకా ఆయన్ని బాగా చూసుకో" అన్నాను. ఫోను పెట్టేశాడు. రేపో ఎల్లుండో నీకు పళ్ళు తెస్తాడు. తిను.

ఇక పని. నా స్వాధీనంలో లేనిది నేను ఇవ్వలేను, అది మన చట్టం. కాబట్టి ముందు నా వాటా నా చేతికి రావాలి. సైమాతో మాట్లాడాను. సోమవారం పొద్దున పేటకు వస్తున్నాను. ఆ రోజు కొట్టు తెరిచేది నేను, గల్లా దగ్గర కూర్చునేది నేను, మూసేది నేను. మంగళవారం హజ్రత్ ముందు, పోలయ్య ముందు నా వాటా సైమాకు ఇచ్చేస్తాను. కాగితం నేనే రాసి తెస్తున్నాను, ఫణీంద్రను శ్రమపెట్టొద్దు.

నువ్వు మంగళవారం రా. సోమవారం మాత్రం ఆ బజారు వైపు రావద్దు. బల్ల మీద కూడా కూర్చోవద్దు. నాయన కొట్టు, ఒక్కరోజు, నాది. నువ్వు కనిపిస్తే కొనడానికి వచ్చినవాళ్ళు నన్ను దాటుకుని నిన్నే ధర అడుగుతారు.

ఖాతూన్